జస్టిన్ గ్రీన్ 'బింకీ బ్రౌన్' చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకేం చదవాలో చెప్పండి

ఉప్పుటేరు:

అందరికీ నమస్తే. ఇక్కడ కామిక్స్ అనగానే మాంగా, మార్వెల్ గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం, అయినా ఒకరిద్దరైనా చదివుంటారని ఆశతో అడుగుతున్నా. జస్టిన్ గ్రీన్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ పేరు ఎప్పుడైనా విన్నారా? 1972లో 'బింకీ బ్రౌన్ మీట్స్ ద హోలీ వర్జిన్ మేరీ' అని ఒక కామిక్ గీశాడు. నేను ఆర్ట్ స్పీగెల్‌మన్ గీసిన 'మౌస్' (హిట్లర్ కాలంలో యూదుల మీద జరిగిన మారణహోమం గురించి, వాళ్లని ఎలుకల్లా వేసిన కామిక్) చదివాక ఆయన ఎవర్ని చూసి నేర్చుకున్నాడా అని వెతుకుతుంటే ఈ పేరే మళ్లీ మళ్లీ తగిలింది. బింకీ బ్రౌన్ లేకపోతే మౌస్ ఉండేదే కాదని ఆయనే చెప్పుకున్నాడు. పులిట్జర్ వచ్చిన పుస్తకానికి దారి చూపించిన కామిక్ గురించి ఎక్కడా ఎవరూ మాట్లాడరేంటి అనిపించి, మా బావ షికాగో నుంచి వస్తుంటే తెప్పించుకున్నా.

40 పేజీల పైచిలుకు ఉంటుందంతే. గంటలో అయిపోతుందనుకున్నా గానీ మధ్యలో పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడాల్సొచ్చింది. కథ మొదలవక ముందే ఒక పేజీ ఉంటుంది చూడండి, అందులో ఆర్టిస్టు తననే గీసుకున్నాడు, ఒంటి మీద బట్టల్లేవు, కాళ్లూ చేతులూ కట్టేసి తలకిందులుగా వేలాడదీసి ఉంటాడు, కింద కొడవలి అంచు పైకి తిరిగి ఉంటుంది, ఆ స్థితిలో పెన్ను నోటితో పట్టుకుని బొమ్మ వేస్తుంటాడు. పక్కనే పాఠకులకి ఒక ఒప్పుకోలు. ఈ మానసిక బాధని కక్కేసుకోడానికే గీస్తున్నాననీ, తనలాంటివాళ్లందర్నీ ఒకరికొకర్ని కట్టుకుంటూ పోతే ఆ గొలుసు భూమి చుట్టూ ఎన్నోసార్లు తిరుగుతుందనీ అంటాడు. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయా.

కథ ఏంటంటే, బింకీ తల్లి క్యాథలిక్, తండ్రి యూదు. చిన్నప్పుడు ఇంట్లో బంతితో ఆడుతూ మేరీమాత బొమ్మ పగలగొట్టేస్తాడు. తర్వాత నన్స్ నడిపే స్కూలు, పాపం, నరకం, శిక్ష. పెద్దవుతున్నకొద్దీ పిల్లాడికి ఒక భయం పట్టుకుంటుంది, తన ఒంట్లోంచి అపవిత్రమైన కిరణాలు బయల్దేరి చర్చిల మీదకి, మేరీ విగ్రహాల మీదకి పోతున్నాయని. తర్వాత వేళ్లలోంచి, పాదాల్లోంచి కూడా. ఊళ్లో ఏ చర్చి ఏ దిక్కున ఉందో లెక్క కట్టుకుని ఒళ్లు అటూ ఇటూ తిప్పుకుంటూ నడుస్తాడు. ఆ కిరణాల్ని నిజంగానే స్కేలు పెట్టి గీసిన గీతల్లా వేశాడు, గోడల్లోంచి దూసుకుపోతాయి. చదువుతుంటే నాకు కూడా ఆ గీత ఎటు పోతోందో చూడాలనిపించింది, అంటే వాడి భయం నా కళ్లలోకి వచ్చేసింది.

నా ప్రశ్నలు ఏంటంటే, 1972లో ఇలాంటిది అచ్చు వేసే ధైర్యం ఎవరికి ఉంది అసలు? మరి ఇంత చేసినవాడు తర్వాత ఏమైపోయాడు, ఎక్కడ చూసినా ఈ ఒక్క పుస్తకం పేరే చెప్తారేంటి? దీని తర్వాత ఏం చదవాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

అబిడ్స్_ఆదివారం:

అన్నా, ఈ పేరు ఇక్కడ చూసి మస్తు ఖుషీ అయింది. నేను చదివిన. జర వివరంగ చెప్తా, లంబా అయితది ఏమనుకోకు.

మొదలు 1954కి పోవాలె. అమెరికాల అప్పుడు కామిక్స్ చదివి పిల్లలు చెడిపోతున్నరని పెద్ద లొల్లి నడిచింది. ఫ్రెడ్రిక్ వెర్తమ్ అని ఒక సైకియాట్రిస్ట్ పుస్తకం రాసిండు, సెనేట్ల విచారణ పెట్టిన్రు, పబ్లిషర్లు భయపడి కామిక్స్ కోడ్ అని వాళ్లకు వాళ్లే రూల్స్ పెట్టుకున్నరు. ఆ ముద్ర లేకపోతే డిస్ట్రిబ్యూటర్లు పుస్తకం ముట్టకపోదురు. అధికారుల్ని తప్పుగ చూపెట్టద్దు, విడాకుల్ని తేలికగ చూపెట్టద్దు, గిట్ల. అంటే పెద్దోళ్ల జీవితం కామిక్స్‌ల నుంచి మొత్తం మాయం. సూపర్ హీరోలు, నవ్వే జంతువులు మిగిలినయ్.

అండర్‌గ్రౌండ్ వాళ్లు, అంటే ఆ కోడ్‌ను లెక్కచెయ్యకుండ సొంతంగ కామిక్స్ వేసుకునేటోళ్లు, ఏం చేసిన్రంటే ఆ డిస్ట్రిబ్యూటర్ల దారి పట్టనే లేదు. 1968ల రాబర్ట్ క్రమ్ అనే ఆర్టిస్టు గీసిన 'జ్యాప్' కామిక్ మొదటి నంబర్ శాన్‌ఫ్రాన్సిస్కోల వచ్చింది, దాన్ని హైట్ స్ట్రీట్ మీద పసిపిల్లల బండిల పెట్టుకొని అమ్మిన్రు. తర్వాత హెడ్ షాపులు అని ఉండేటివి, హిప్పీలకు పోస్టర్లు, చిలుములు, అగరుబత్తీలు అమ్మే దుకాణాలు, అండ్ల ఈ పుస్తకాలు పెట్టేటోళ్లు. కోడ్ ముద్ర అడిగేటోడు లేడు. గట్ల ఒక పక్క తొవ్వ దొరికింది. నువ్వు అడిగిన ధైర్యం అక్కడి నుంచి వచ్చింది, కొంటున్నది ఎవరో వాళ్లకు ఎరుకే.

బింకీ బ్రౌన్ వేసింది లాస్ట్ గ్యాస్ప్, రాన్ టర్నర్ అనే ఆయన 1970ల బర్క్‌లీల పెట్టిన కంపెనీ. పర్యావరణం మీద కామిక్ వేస్తందుకు మొదలుపెట్టిండు. ఈ పుస్తకం గీస్తున్నన్ని రోజులు గ్రీన్‌కు నెలకు 150 డాలర్లు ఇచ్చిండట. సోచాయించు, బొమ్మలు ఇంకా పూర్తి కాలే, అమ్ముడుపోతదో లేదో తెల్వది, అయినా నెలనెలా పైసలు. నాకు టర్నర్ మీద గౌరవం అందుకే.

ఇంకొకటి మౌస్ చదివినోళ్లకు చెప్పాలె. స్పీగెల్‌మన్ గ్రీన్ ఇంటికి పోయినప్పుడు బింకీ పేజీలు తాడు మీద బట్టలు ఆరేసినట్టు ఆరేసి ఉన్నయట, ఇంకా పూర్తి కాలే, ఆయన అక్కడ్నే చదివిండు. అదే 1972ల 'ఫన్నీ ఆమినల్స్' అని జంతువుల బొమ్మలతోని ఒక కామిక్ వస్తుంటే అండ్ల ఏదన్న వెయ్యమని స్పీగెల్‌మన్‌ను అడిగింది కూడ గ్రీనే. దానికి వేసిన 3 పేజీలే మొదటి 'మౌస్'. పెద్ద పుస్తకం అయితందుకు ఇంకా చాన ఏండ్లు పట్టింది.

ఒక మాట మాత్రం చెప్తా, అండర్‌గ్రౌండ్ అంటే అంతా ఇట్లనే ఉంటదనుకొని ఏది పడితే అది తెప్పించుకోకు. సగానికి సగం ఒట్టి రెచ్చగొట్టుడే. కోడ్ ఏది వద్దన్నదో అదే వేసుడు. ఆడోళ్ల మీద, నల్లవాళ్ల మీద వేసిన కొన్ని బొమ్మలు ఇయ్యాల చూస్తే కడుపుల తిప్పుతది. క్రమ్ చెయ్యి గొప్పది, ఆ గీతకు నేను కూడ దాసోహమే, కానీ అన్నీ వెనకేసుకరాను.

సిరామరక:

పైన అబిడ్స్ గారు ఆడవాళ్ల మీద బొమ్మల సంగతి ఎత్తారు కాబట్టి అక్కడ్నించే అందుకుంటా, ఎందుకంటే ఉప్పుటేరు గారు అడిగిన "తర్వాత ఏం చదవాలి"కి నా జవాబు కూడా అదే.

అలీన్ కొమిన్‌స్కీ చదవండి. బింకీ బ్రౌన్ చూశాకే తన జీవితం తను గీసుకోవచ్చని ఆవిడకి తట్టింది. అదే 1972 చివర్లో 'విమెన్స్ కామిక్స్' మొదటి నంబర్లో 'గోల్డీ' అని కథ వేసింది, తన ఒంటి మీద తనకున్న అసహ్యం, ఇంట్లో వాతావరణం, మగాళ్లతో అనుభవాలు అన్నీ. గీత చాలా మొరటుగా ఉంటుంది, ముక్కు ఒక ఫ్రేములో ఒకలా ఇంకో ఫ్రేములో ఇంకోలా. దానికి ఆవిణ్ణి చాలామంది తిట్టారు, బొమ్మలు వెయ్యడం రాదన్నారు. నాకైతే ఆ వంకర గీతే ఆవిడ సొంత గొంతు. తనని తను అందంగా చూసుకోలేని మనిషి తన మొహాన్ని నున్నగా ఎలా గీస్తుంది చెప్పండి? 1976లో ఇంకో ఆర్టిస్టు డయాన్ నూమిన్‌తో కలిసి 'ట్విస్టెడ్ సిస్టర్స్' తెచ్చింది, దాని కవర్ మీద టాయిలెట్ మీద కూర్చున్నట్టు తననే వేసుకుంది. 2022లో పోయింది, గ్రీన్ పోయింది కూడా ఆ ఏడే.

ట్రినా రాబిన్స్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. మగవాళ్లు తమ పుస్తకాల్లోకి రానివ్వకపోతే 1970లో 'ఇటెయింట్ మీ బేబ్' అని పూర్తిగా ఆడవాళ్లే గీసిన కామిక్ తెచ్చింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. దాన్నీ, 'విమెన్స్ కామిక్స్'నీ వేసింది కూడా లాస్ట్ గ్యాస్పే. క్రమ్‌ని మొహం మీదే విమర్శించిన మనిషి ఆవిడ, దానివల్ల ఆ సర్కిల్లో చాలా ఏళ్లు ఒంటరైపోయింది కూడా.

ఇంక బింకీ గురించి ఒక్కటి. ఉప్పుటేరు గారూ, ఆ కిరణాల గీతల గురించి మీరు రాసింది చదివి మళ్లీ పుస్తకం తీశా. అందరూ దీన్ని మొట్టమొదటి ఆత్మకథ కామిక్ అని పొగుడుతూ ఆపేస్తారు. మొదటిదవ్వడం వల్లే గొప్పదైతే ఇప్పుడు మ్యూజియంలో పెట్టుకుంటే సరిపోయేది. నాకు అది ఇవాళ్టికీ ఎందుకు పట్టుకుందంటే, లోపల జరిగేదాన్ని బయట కనపడే వస్తువుగా మార్చాడు. నవలలో అయితే "వాడికి భయంగా ఉంది, అనుమానంగా ఉంది" అని రాయాలి, మనం ఊహించుకోవాలి. ఇక్కడ భయం ఒక సరళరేఖ. వీధి, మేడలు, కార్లు అన్నీ మామూలుగా ఉంటాయి, వాటి మధ్యలోంచి ఆ గీత పోతుంది, వీధిలో వాళ్లెవరికీ అది కనపడదు, బింకీకీ మనకీ మాత్రమే కనపడుతుంది. వాడి ఒంటరితనం మొత్తం అందులోనే ఉంది. ఇది సినిమాలో చేస్తే గ్రాఫిక్స్‌లా ఉంటుంది, కామిక్‌లో మనిషిని గీసిన సిరాతోనే ఆ కిరణాన్నీ గీశాడు కాబట్టి రెండూ ఒకే లోకంలో ఉన్నట్టు నమ్మేస్తాం.

గోదారిగట్టు:

నాకు కామిక్స్ గురించి పెద్దగా తెలీదండి, ఈ థ్రెడ్ కనిపించి చదివా, కానీ ఆ పిల్లాడి సంగతి చదువుతుంటే గుండె పట్టేసింది. మా ఇంట్లో పిన్నికి అచ్చం ఇదే. దేవుడి గదిలోకి అడుగు పెట్టగానే మనసులో ఏదో బూతు మాట వచ్చేస్తుందని భయం, వెంటనే లెంపలేసుకోవడం, మళ్లీ తల మీంచి స్నానం, మళ్లీ దీపం మొదట్నించీ. ఒక్కోరోజు పూజ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటేది. ఇంట్లో అందరూ భక్తి ఎక్కువ అనేవాళ్లు, ఇంకొందరు చాదస్తం అనేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ ఇది ఓసీడీ అనీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యాలనిపించే జబ్బు), భక్తి ఉన్నవాళ్లలో అది దేవుడి మీదకే తిరుగుతుందనీ, తిరుపతి నుంచి రోమ్ దాకా అన్ని మతాల్లోనూ ఉంటుందనీ చెప్పింది. మందులూ, ఇంకా ఆ ఆలోచన వచ్చినా లెంపలేసుకోకుండా కూర్చోవడం నేర్పే థెరపీ. ఇప్పుడు చాలా నయం.

అందుకని అడుగుతున్నా, ఈయనకి గీస్తున్నప్పుడు ఇది జబ్బని తెలుసా? కథ చివర్లో ఏమవుతుంది? మా పిన్నికి ఇంగ్లీషు బాగానే వచ్చు, ఇవ్వొచ్చా ఈ పుస్తకం?

సిరామరక:

గోదారిగట్టు గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏం టైప్ చెయ్యాలో తోచలేదు. పిన్నిగారు నయమవుతున్నందుకు చాలా సంతోషం.

గీసినప్పుడు తన బాధకి ఓసీడీ అనే పేరు ఉందని ఆయనకి తెలీదు. మనసుకి పట్టిన ఒక పీడ అని మాత్రం తెలుసు, మొదటి పేజీలో ఆ మాటే అంటాడు. డయాగ్నోసిస్ చాలా ఏళ్ల తర్వాత. బింకీ కూడా మీ పిన్నిగారిలాగే ఒక సొంత మాట తయారుచేసుకుని జపంలా అనుకుంటూ ఉంటాడు, పాపం అంటకుండా. చివర్లో పెద్దవాడయ్యాక చిన్న చిన్న మేరీ బొమ్మలు కొనుక్కొచ్చి సుత్తితో పగలగొట్టేస్తాడు. ఒక్క బొమ్మ పగలకుండా మిగిలిపోతుంది, దాన్ని ఉంచుకుంటాడు. కథగా చాలా బలమైన ముగింపు, కానీ జీవితంలో ఆయన జబ్బు సుత్తి దెబ్బతో పోలేదు, తర్వాత కూడా దాంతోనే బతికాడు. కాబట్టి పిన్నిగారికి ఇచ్చే ముందు ఆ సంగతి చెప్పి ఇవ్వండి. ఇంకోటి, పుస్తకంలో బొమ్మలు చాలా పచ్చిగా ఉంటాయి, ఉప్పుటేరు గారు కిరణాల గురించి కాస్త మర్యాదగా రాశారు గానీ పేజీ మీద అంత మర్యాదగా ఉండదు. ముందు మీరు చదివి, డాక్టరమ్మని కూడా ఓ మాట అడిగి అప్పుడు నిర్ణయించుకోండి.

ఎనామిల్_డబ్బా:

"తర్వాత ఏమైపోయాడు" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఎందుకంటే నేను ఈయన దగ్గరకి వచ్చింది వేరే దారిలో. బింకీ బ్రౌన్ నేను చదివింది చివర్లో.

మా నాన్న బోర్డు ఆర్టిస్టు. తెనాలిలో సగం షాపుల బోర్డులు, లారీల వెనక అక్షరాలు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు, అన్నీ ఆయన చేతివే ఒకప్పుడు. ఫ్లెక్స్ వచ్చాక పని పోయింది, ఆ కథ మీకు తెలిసిందే. చేత్తో అక్షరాలు రాసేవాళ్ల గురించి నెట్‌లో వెతుకుతుంటే నాకు జస్టిన్ గ్రీన్ దొరికాడు. అవును, ఆయన బతుకుతెరువు సైన్ పెయింటింగ్. అండర్‌గ్రౌండ్ కామిక్స్‌తో ఇల్లు గడవక బ్రష్ పట్టాడు, దుకాణాల అద్దాల మీద, బోర్డుల మీద అక్షరాలు రాశాడు. 'సైన్స్ ఆఫ్ ద టైమ్స్' అని బోర్డులు రాసేవాళ్ల కోసమే వచ్చే పత్రిక ఒకటుంది సిన్సినాటీ నుంచి, అందులో 'ద సైన్ గేమ్' అని ఏళ్ల తరబడి కామిక్ వేశాడు. పని తెలిసినవాళ్ల కోసం పని తెలిసినవాడు గీసినది.

అందులో ఉన్నవి చూస్తే మా నాన్న నవ్వాడు, చాలా రోజుల తర్వాత. నిచ్చెన మీద నిలబడి అక్షరం మధ్యలో ఉండగా కింద నుంచి ఎవరో పిలవడం, ఓనరు అంతా అయిపోయాక స్పెల్లింగ్ మార్చమనడం, చెయ్యి వణక్కుండా కర్ర మీద ఆనించి గీత లాగడం. నేను ఇంగ్లీషు అక్షరాలు చదివి వినిపించాల్సిన పని కూడా పెద్దగా లేకపోయింది, బొమ్మ చూస్తే ఆయనకి అర్థమైపోయింది. అమెరికాలో 80ల్లోనే వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కర్) అక్షరాలు కోసే మిషన్లు వచ్చి పెయింటర్ల పొట్ట కొట్టాయి, మనకి ఫ్లెక్స్ చేసినట్టే. అది కూడా ఆ కామిక్‌లో ఉంటుంది.

అందుకే ఎవరైనా గ్రీన్ ఒక్క పుస్తకం వేసి ఆగిపోయాడు, కామిక్స్ వదిలేశాడు అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 'పల్స్' అని టవర్ రికార్డ్స్ అనే మ్యూజిక్ షాపుల వాళ్ల పత్రికకి సంగీతకారుల జీవితాల మీద కామిక్స్ వేశాడు, అవి 2004లో పుస్తకంగా వచ్చాయి. భార్య క్యారొల్ టైలర్ కూడా గొప్ప కామిక్స్ ఆర్టిస్టు, యుద్ధానికి వెళ్లొచ్చిన తండ్రి గురించి ఆవిడ గీసిన 'సోల్జర్స్ హార్ట్' తప్పకుండా చదవండి. ఆయన గీస్తూనే ఉన్నాడండి. పుస్తకాల మీద వ్యాసాలు రాసేవాళ్ల చేతికి బోర్డుల పత్రిక ఎలా అందుతుంది? అందలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు, అంతే.

అబిడ్స్_ఆదివారం:

ఎనామిల్ అన్నా, సైన్ గేమ్ సంగతి నాకు పేరు వరకే ఎరుక, ఇంత లోపలికి ఎరుక లేదు. మీ నాయనకు దండం పెట్టిన అని చెప్పు.

కానీ ఒక్క దగ్గర నా మాట వేరే. ఆయన ఇష్టంతోనే అటు పోయిండు అన్నట్టు మాత్రం రాయద్దు మనం. 1973ల మిల్లర్ కేసుల సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది, ఏది అశ్లీలం అనేది ఏ ఊరికి ఆ ఊరు తేల్చుకోవచ్చని. అంతే, హెడ్ షాపులోళ్లు భయపడ్డరు, ఈ పుస్తకాలు పెట్టుకుంటే ఏ పోలీసు వస్తడో అని. బింకీ బ్రౌన్ వచ్చి ఏడాది కాంగనే, అది అమ్ముడుపోయే దుకాణమే సన్నబడ్డది. ఇంకొన్నేండ్లు ఆ బజారు నిలబడితే ఆయన ఇంకో నాలుగు బింకీలు గీస్తుండేనేమో. అది నష్టమే, దాన్ని నష్టమనే అనాలె.

ఎనామిల్_డబ్బా:

నష్టమే, కాదనట్లేదు. మా నాన్న పని పోవడం కూడా నష్టమే. కానీ పొట్ట కోసం పట్టిన పనిని ఆయన చిన్నచూపు చూడలేదు, అందులోంచి కూడా కామిక్ తీశాడు. ఆ భాగాన్ని చదవకుండా "తర్వాత ఏం చెయ్యలేదు" అంటుంటేనే నాకు బాధ.

ఉప్పుటేరు:

ఇన్ని సంగతులు వస్తాయని అస్సలు అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. గోదారిగట్టు గారూ, మీరు పిన్నిగారి గురించి రాసినందుకు ప్రత్యేకంగా. భూమి చుట్టూ గొలుసు అన్న ఆ మాటలో ఆయన మన ఇళ్లని కూడా లెక్కేసినట్టే ఉంది. అలీన్ కొమిన్‌స్కీ, సోల్జర్స్ హార్ట్ రెండూ లిస్టులో పెట్టుకున్నా. ఒక చిన్న డౌట్, నా దగ్గరున్నది 1995లో లాస్ట్ గ్యాస్ప్ వేసిన 'బింకీ బ్రౌన్ శాంప్లర్', స్పీగెల్‌మన్ ముందుమాట ఉన్నది. 2009లో మెక్‌స్వీనీస్ వాళ్లు పెద్ద సైజులో వేసిందీ ఇదీ ఒకటేనా, రెండోది కూడా కొనాలా?

సిరామరక:

రెండూ వేరు. మీ శాంప్లర్‌లో బింకీతో పాటు ఆయనవి వేరే కథలు కూడా ఉన్నాయి, వెనక ఓసీడీ గురించి ఆయన రాసుకున్నదీ ఉంది, అది ముందు చదవండి, గోదారిగట్టు గారికి కూడా ఆ భాగం స్కాన్ కాకుండా పుస్తకమే అరువిస్తే బాగుంటుంది. మెక్‌స్వీనీస్ ఎడిషన్‌లో ఒరిజినల్ పేజీల్ని ఉన్నదున్నట్టు ఫోటో తీసి రంగుల్లో వేశారు, కాబట్టి పసుపెక్కిన కాగితం, తెల్ల రంగు పూసి దిద్దిన చోట్లు, సిరా చిక్కగా పడిన చోట్లు అన్నీ కనిపిస్తాయి. నలుపు తెలుపు అచ్చులో గట్టిగా ఒక్క దెబ్బలో గీసినట్టున్న బొమ్మల్లో ఎంత దిద్దుబాటు ఉందో అక్కడ తెలుస్తుంది. బొమ్మలు వేసే అలవాటు మీకుంటే డబ్బు కూడబెట్టి అయినా కొనండి. చదవడానికే అయితే మీ దగ్గరున్నది చాలు, ఆ డబ్బుతో అలీన్ పుస్తకం తెప్పించుకోండి.